పడుగులో చుట్టిన టికెట్టు

మా బావ తిరుపాల్ పాల ప్యాకెట్టు కొంటే రెండు వైపులా తిప్పి చూసి, తేదీ చదివి, అంగడాయన ముందే ఒకసారి నొక్కి చూస్తాడు. బస్సు దిగాక టికెట్టు పారెయ్యడు. ఇల్లు చేరేదాకా జేబులో ఉంచుకుంటాడు, ఎవరన్నా వెనకనుంచి వచ్చి అడిగితే ఏం చెప్పాలి అంటాడు. పెళ్ళికి పోతే ఒక చెప్పు గుమ్మానికి ఈ పక్క, ఇంకో చెప్పు ఆ పక్క వదులుతాడు. ఒంటి చెప్పును ఎవడూ ఎత్తుకుపోడని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని నేను అనను. ఇరవై ఏళ్ళలో ఆయన చెప్పులు ఒక్కసారి కూడా పోలేదు. కాకపోతే భోజనాలయ్యాక రెండో చెప్పు కోసం మేమంతా వెతుకుతూ ఆఖరి బస్సు పోగొట్టుకున్న పెళ్ళిళ్ళు రెండు మూడు ఉన్నాయి.

ఆయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మా అక్క రాధికను చేసుకున్నాడు. నా పేరు నాగేష్, ఉండేది హిందూపురం, పెనుకొండ దగ్గరున్న కార్ల ఫ్యాక్టరీకి పనివాళ్ళను తోలే బస్సుకు డ్రైవర్ని. బావ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇదంతా విన్నాక నేను చెప్పినా ఎవరూ ఒప్పుకోరు. తాగడు, ఎవరి సొమ్మూ ముట్టడు, చెయ్యెత్తడు. నమ్మడు, అంతే.

దానికి పుట్టుక లేకపోలేదు. వాళ్ళ నాయన కూడా కూలి మగ్గం నేసినవాడే. యజమాని పట్టు తూచి ఇస్తాడు, చీర నేసి తెచ్చాక మళ్ళీ తూస్తాడు. ఇచ్చిన బరువుకు చీర బరువు సరిపోకపోతే నేసినవాడు పట్టు దాచుకున్నట్టు. ఒక ఏడాది వరసగా నాలుగు చీరలకు తక్కువ వచ్చిందని నలుగురిలో ఆయన్ని దొంగ అన్నారు. ఆరు నెలల తర్వాత తక్కెడే తప్పని తేలింది. తక్కెడ మార్చారు గాని అన్న మాట వెనక్కి తీసుకున్నవాడు లేడు. బావకు అప్పుడు పదమూడేళ్ళు. ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆయన మీద జాలి కలుగుతుంది. కానీ బావమరిదిగా ఇరవై ఏళ్ళు ఆయనతో వేగినవాణ్ణి కాబట్టి ఆ జాలి ఎక్కువసేపు ఉండదు.

మా అక్క మాత్రం అలవాటు పడిపోయింది. కూరగాయలు తెస్తే, అడక్కముందే టమాట ఇంత, వంకాయ ఇంత అని అప్పజెప్పేది. ఫోన్ మోగితే ఎవరో చెప్పి మరీ ఎత్తేది. నేనే ఒకసారి కోపం ఆపుకోలేక, ఇదేం బతుకక్కా అని అడిగితే, ఒగొగరికి ఒగొగ రోగం ఉంటాది, ఈయనకు ఇది, చెక్కెర రోగం కంటే మేలే గదా అని నవ్వింది.

పోయిన ఏడాది ఆమె ఒక పని తలపెట్టింది. పెళ్ళైన నాటినుంచి మొగుడూ పెళ్ళాలు యజమాని ఇచ్చిన పట్టు మీదే నేశారు, కూలి తీసుకున్నారు. ఈసారి పట్టూ జరీ తామే కొని సొంతంగా పడుగు వెయ్యాలని ఆమె పట్టుబట్టింది. పడుగంటే చీర పొడవునా ఉండే నిలువు పోగులు. అది ఎవరిదైతే చీర వాళ్ళది. చెవి కమ్మలు కుదువ పెట్టి ఆ పట్టు కొనింది. హిందూపురంలో నాకు తెలిసిన పెళ్ళింటివాళ్ళు నాలుగు చీరలు నేరుగా తమకే నేసివ్వమన్నారు, మార్చిలో పెళ్ళి. నాలుగూ ఒకే పడుగు మీద వస్తాయి. వాటిని అప్పగిస్తే వచ్చేదాంతో ఇంకో పడుగు వెయ్యొచ్చు, ఆపైన ఎవరి గుమ్మం ముందూ పట్టు తూయించుకుంటూ నిలబడే పని లేదు. ఈ పడుగు చెడితే మళ్ళీ కూలి మగ్గమే, ఈసారి చెవుల్లో కమ్మలు కూడా లేకుండా. ఈ సంగతి ఫోన్లో చెబుతున్నప్పుడు అక్క గొంతులో ఉన్న ధైర్యం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే నేను లాటరీ టికెట్టు తెచ్చాను.

మన రాష్ట్రంలో లాటరీ లేదు గాని కేరళలో ఉంది. ఏటా మాల వేసుకొని శబరిమలకు పోయే మా బ్యాచికి, దోవలో ఎరుమేలిలో ఆగినప్పుడు బంపర్ టికెట్టు కొనడం అలవాటు. దీక్షలో ఉన్నవాళ్ళు జూదం ఆడొచ్చునా అని మొదటిసారి మాల వేసిన ఒక కన్నెస్వామి అడిగితే, గురుస్వామి జవాబు చెప్పకుండా ముందు తానే ఒకటి కొన్నాడు. టికెట్టు నాలుగు వందలు, మొదటి బహుమతి కోట్లలో. నాకు ఇందులో తప్పు కనిపించేది కాదు. నాలుగు వందలకు ఒక పూట బిర్యానీ వస్తుంది, అది సాయంత్రానికి అరిగిపోతుంది. టికెట్టయితే డ్రా తీసేదాకా నెల రోజులు మనసులో ఇల్లు కట్టుకోవచ్చు, కారు కొనుక్కోవచ్చు, సూపర్‌వైజర్ని నాలుగు మాటలు అనుకోవచ్చు. అక్క మాట వేరు. ఆ దుడ్లకు సగం గ్యాస్ బండ వస్తాదిరా, అది మంటన్నా మండుతాది అనేది.

బావది మూడో దారి. లాటరీ అంతా దగా అని ఆయన గట్టి నమ్మకం. అయినా నేను బయలుదేరే ముందురోజు రెండు వందలు తెచ్చి నా చేతిలో పెట్టాడు, సగం వాటా తనకు కావాలని. దగా అంటివి గదా బావా అంటే చెప్పిన కారణం విని నేను చాలాసేపు నవ్వాను. నాకు తగిలితే నేను ఎవరికీ చెప్పనట. తనకు సగం ఉంటే అడిగే హక్కు ఉంటుందట. ఆశతో కొన్నవాళ్ళను చూశాను గాని అనుమానంతో లాటరీ కొన్నవాణ్ణి మా బావనే చూశాను.

నేను తిరిగొచ్చి టికెట్టుతో ధర్మవరం పోయిన రోజే వాళ్ళ వీధిలో ఆ పడుగు చుడుతున్నారు. పోగులన్నీ వీధి పొడవునా చాచి, ఒక కొసన ఒకరు బిగించి పట్టుకుంటే, రెండో కొసనుంచి కర్రకు చుట్టుకుంటూ వస్తారు. పొరకూ పొరకూ మధ్య పోగులు జారకుండా పాత పేపర్లు పెడతారు. ఆ చుట్టిన కర్రను మగ్గానికి ఎక్కిస్తారు, నేసేకొద్దీ కొంచెం కొంచెం విప్పుకుంటారు. అన్నిటికన్నా ముందు చుట్టింది అన్నిటికన్నా చివర బయటికొస్తుంది.

టికెట్టు ఎవరి దగ్గర ఉండాలనే దగ్గర పేచీ మొదలైంది. నా దగ్గర ఉంటే బావకు నిద్ర పట్టదు. ఆయన దగ్గర ఉంటే, నిజం చెప్పాలి, నాకూ పట్టదు. అక్క దగ్గర ఉంచుదామంటే ఆమె నాకు తోడబుట్టినది, ఆయనకు పెళ్ళాం, ఎవరివైపు మొగ్గుతుందో ఇద్దరికీ నమ్మకం లేదు. కర్రకు మొదటి చుట్టు వేస్తుండగా బావ ఆగి, దాని వంక చూసి, టికెట్టు ఇందులో పెడదాం అన్నాడు. పడుగు మొత్తం నేసేదాకా ఎవరి చేతికీ చిక్కదు. నేయడానికి నెలా పదిహేను రోజులు. డ్రా ఫిబ్రవరి మొదట్లో, తగిలితే ఆపైన నెల లోపల టికెట్టు చూపించాలి. లెక్క సరిపోతుంది.

మరి నంబరు రాసిపెట్టుకుందాం అన్నాను. వద్దన్నాడు.

"నంబరు తెలిస్తే ఆశ పుడతాది. ఆశ పుడితే పడుగు మీద కత్తెర పడతాది. నువ్వైనా సరే, నేనైనా సరే. పడుగు అయిపోయినాంకనే చూస్తాం" అన్నాడు.

ఒప్పుకోవాలి, తెలివైన మాట. ఎవరినీ నమ్మనివాడు తనను కూడా ఆ లెక్కలోనే వేసుకున్నాడు, ఆ న్యాయం నాకు నచ్చింది. నా ఫోన్ తీసుకొని అందులో ఉన్న టికెట్టు ఫోటో చెరిపించాడు. చెరిపినవి కొన్నాళ్ళు దాచే చోటు ఇంకొకటి ఉంటుందట, వెతికి అక్కడా చెరిపించాడు. టికెట్టును తానూ చూడకుండా నాలుగు మడతలు వేసి అక్క చేతికిచ్చాడు. ఆమె దాన్ని పేపరు మడతలో పెట్టి మొదటి పొర మీద పరిచింది. నేను వీధి ఆ కొసన బిగించి పట్టుకున్నాను, ఆయన కర్ర తిప్పాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. మేమూ నవ్వాం. అక్క ఒక్కతే నవ్వలేదు, అది నా పడుగు, దాంట్లో మీ ఆటలేంది అని విసుక్కుంది.

ఫిబ్రవరిలో డ్రా అయింది. బహుమతుల పట్టిక ఫోన్లో చూశాను, నంబరు తెలీదు కాబట్టి ఏ నంబరు చూసినా మాదేననిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. టికెట్టు కొన్న రోజే దాని ఫోటోను మా స్వాముల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఈసారి మనదే అని కింద రాసి. నా ఫోన్లో లేకపోయినా గ్రూపులో ఉన్న ఇంకో స్వామి ఫోన్లో ఉంది. అడిగితే పంపాడు. మాట తప్పుతున్నానని తెలుసు, చేతులు ఆగలేదు. మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చూశాను. కోట్లు కాదు గదా, ఆఖరి వరస చిల్లర బహుమతి కూడా లేదు.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. పీడ పోయింది అంది. బావకు చెబుదామా అంటే, ఎట్ల తెలిసిందంటాడు, ఫోటో సంగతి బయట పడతాది, వద్దు అంది. ఇంకో ఇరవై ఐదు రోజుల్లో పడుగు దానంతటదే అయిపోతుంది, టికెట్టు ఆయన కళ్ళతో ఆయనే చూసుకుంటాడు. ఇద్దరం అట్లా అనుకున్నాం. ఆరోజు అక్కతో పాటు ఆ మాటకు సరేనన్న నా నోరు కాలా అని ఇప్పటికీ అనుకుంటాను.

నాలుగు రోజులకు పక్కింటి కదిరమ్మ ఒక వార్త మోసుకొచ్చింది. మొదటి బహుమతి వచ్చిన టికెట్టు ఎరుమేలి దగ్గర ఒక అంగట్లో అమ్ముడుపోయిందంట, నెగ్గినాయన ఇంకా రాలేదంట, కొన్నది ఎవరో తెలుగు స్వాములంట. ఎవరి ఫోన్లో వచ్చిందో, నిజమో కల్లో ఆమెకే తెలీదు. వీధికి అంతే చాలు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ కిటికీలోనుంచి మగ్గం వైపు తొంగి చూసి, ఏమబ్బా తిరుపాలూ, కోట్లు నేస్తాండావా అని ఎగతాళి చేశారు.

బావ ఎగతాళిని ఎగతాళిగా తీసుకోలేదు. కిటికీ మూసేశాడు. సాయంత్రం నేత ఆపినప్పుడు పడుగు కర్ర మీద సుద్దముక్కతో గీత గీసి, పొద్దున్నే ఆ గీత జరిగిందో లేదో చూసేవాడు. స్నానానికి పోతే తలుపు ఓరగా పెట్టుకొని మగ్గం కనిపించేట్టు నిలబడేవాడు. పని మధ్యలో ఆగి, పడుగు చుట్టను వేళ్ళతో నొక్కి నొక్కి చూసేవాడట, లోపల మడత తగులుతుందేమోనని. ఒకరోజు అట్లా నొక్కుతూ కత్తెర వంక చూశాడట. అక్క ఆ చూపు చూసింది.

చూసినప్పటినుంచి ఆమె తొందర మొదలైంది. ఎట్లాగైనా ఆ పడుగును ఆయన చెయ్యి పడకముందే చివరిదాకా నేసెయ్యాలి. తెల్లవారుజామునే మగ్గంలో కూర్చునేది. ఆయన అన్నానికి లేస్తే ఆ కాసేపు కూడా తను నేసేది. రోజుకు మూరెడు వచ్చేచోట మూరన్నర తీసింది. వారం తిరిగేసరికి రెండో చీర కూడా కోసి మడిచిపెట్టి, మూడోది సగానికి తెచ్చింది. ఎందుకింత ఆత్రం అని బావ అడిగితే పెళ్ళింటివాళ్ళకు మాట ఇచ్చినాం గదా అంది. అబద్ధం కాదు. కానీ మొత్తం నిజమూ కాదు, అట్లాంటిదాన్ని పసిగట్టడంలో మా బావను మించినవాడు జిల్లాలో లేడు. ఇరవై ఏళ్ళుగా లేనిదాన్ని ఊహించుకొని అనుమానపడినవాడికి, మొదటిసారి నిజంగానే దాచిన సంగతి ఒకటి దొరికింది.

ఆమె ఫోన్ తీసి చూశాడు. వారంలో తమ్ముడికి పద్నాలుగు కాల్స్. అన్నీ రెండు నిమిషాల లోపే. అన్నీ తను ఇంట్లో లేనప్పుడే.

ఆ తర్వాతి రోజు కదిరమ్మ ఫోన్‌నుంచి అక్క నాకు చేసింది. కత్తెరను జేబులో పెట్టుకొని తిరగతాండాడు, నాకు భయమైతాంది, నిజం నువ్వే చెప్పెయ్, ఏమన్నా అననీ అంది. నేను ధర్మవరం పోతే అక్కా తమ్ముళ్ళు కలిశారంటాడు, ఆయన్ని హిందూపురం పిలిస్తే రాడు. అందుకని మధ్యలో పెనుకొండకు రమ్మన్నాను. బస్టాండు పక్కన బుడన్‌సాబ్ టీ అంగడి ఉంది, నేను షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కూర్చునేది అక్కడే. బుడన్‌సాబ్ పెద్ద మనిషి, ఒక మాట మీద నిలబడేవాడు. బావ చిల్లర లెక్కపెట్టకుండా జేబులో వేసుకునేది ఆయన దగ్గర ఒక్కచోటే. ఆయన ముందు చెబితే నమ్ముతాడనుకున్నాను.

బావ మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. నేను ఏమీ దాచలేదు. ఫోటో గ్రూపులో పెట్టినదీ, తర్వాత తెప్పించుకున్నదీ, అక్కకు చెప్పినదీ అంతా చెప్పి, తప్పయిందని రెండు చేతులూ పట్టుకున్నాను. ఫోటో ఆయన ఫోన్‌కు పంపాను. పట్టిక తీసి ఇద్దరం వరస వరసా చూశాం. బుడన్‌సాబ్ కూడా కళ్ళజోడు పెట్టుకొని చూసి, లేదప్పా, యాడా లేదు అని చెప్పాడు. తమకు జూదం కూడదు కాబట్టి ఆ కాగితం తను ఎన్నడూ కొనలేదని, కొన్నోళ్ళను మాత్రం రోజూ చూస్తున్నానని అన్నాడు.

"గెల్చినోనికి వచ్చేవి యాడివనుకుంటాండావు తిరుపాలూ? ఓడినోళ్ళ దుడ్లే. నీ రెండు నూర్లు పోయినాయి, పోనీ. పడుగు నిలబెట్టుకో. ఆ బిడ్డ కమ్మలు దాంట్లో ఉండాయి" అన్నాడు.

బావ అంతా విన్నాడు. వాదించలేదు, కోప్పడలేదు, ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మంచిదప్పా, తెలిసె గదా, నాకూ మనసు కుదుటపడె అన్నాడు. టీ తాగి డబ్బులిచ్చాడు. బుడన్‌సాబ్ చిల్లర ఇస్తే అరచేతిలో పరుచుకొని, ఒక్కొక్క నాణెం పక్కకు జరుపుతూ లెక్కపెట్టుకున్నాడు. నేనూ బుడన్‌సాబూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ధర్మవరం బస్సు కదిలిపోయింది.

కాసేపటికి నాకు ఆ చిల్లర లెక్క మళ్ళీ గుర్తొచ్చింది. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కదిరమ్మకు చేస్తే, ఇంట్లో లేదప్పా, మీ బావ బస్సులోనుంచి ఫోన్ చేసి జరీ తెమ్మన్నాడంట, బజారుకు పోయింది అని చెప్పింది. నేను ఆయన్ని పెనుకొండకు పిలవడం తనను ఇంట్లోనుంచి తప్పించడానికే అని ఆయన అనుకుని ఉంటాడు. అదే పని ఆయన అక్కకు చేశాడు. బస్సు తాళాలు తోటి డ్రైవర్ చేతిలో పెట్టి, దొరికిన బండెక్కి పోయాను. దోవ పొడవునా పడుగును విప్పుతాడులే, కొయ్యడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ విప్పాలంటే మళ్ళీ వీధి పొడవునా చాచాలి, నలుగురు పట్టుకోవాలి, ఊరంతా చూస్తుంది. అది ఆయన చెయ్యడు.

నేను గుమ్మం దగ్గర దిగేసరికి అక్క కూడా అప్పుడే జరీ పొట్లంతో వచ్చింది. తలుపు లోపల గడియ పెట్టి లేదు. ఇంక దాచుకోవాల్సింది ఏమీ లేదు కాబట్టి పెట్టలేదేమో.

చుట్టను పైనుంచి కిందికి, కర్ర తగిలేదాకా కోసేశాడు. మిగిలిన ఒకటిన్నర చీర పట్టు మూరెడు మూరెడు ముక్కలై నేలంతా పడి ఉంది. మగ్గం మీది సగం చీర బిగువు తప్పి వేలాడుతోంది. పోగు తెగితే అతుక్కోవచ్చు, వేల పోగులు పొరపొరనా తెగితే అతికేదేమీ ఉండదు, అది నాలాంటి డ్రైవర్‌కు కూడా తెలుసు. ఆ ముక్కల మధ్యలో బావ కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో టికెట్టు, ఇంకో చేతిలో ఫోన్. నంబర్లు పోల్చుకుంటున్నాడు.

అక్క గోడకు ఆనుకొని నిలబడింది. పెళ్ళి ఇంకా పదిహేను రోజులుంది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఆయన్ని పట్టుకుని కొట్టాలనిపించింది. అదే నంబరు గదా బావా, చెప్పినా గదా అన్నాను.

"ఔను. అదే నంబరు. సరింగా అదే" అన్నాడు తల ఎత్తకుండా. "నువ్వు ఆడ ఫోటో చూపిస్తావు, ఈడ అదే టికెట్టు దొరుకుతాది. ముందే మాట్లాడుకోకుంటే అంత సరింగా యాడ కుదురుతాది?"

నంబరు కలవకపోతే మోసం అంటాడని భయపడ్డాను గాని, కలిసినందుకే మోసం అంటాడని నాకు తోచలేదు. ఆయన అక్క వైపు తిరిగాడు. ఆరోజు పేపరు మడతలో పెట్టింది ఆమె చెయ్యే. తాను కర్ర తిప్పుతున్నాడు, నేను వీధి కొసన ఉన్నాను, ఆమె చేతులవైపు ఎవరూ చూడలేదు. ఇదంతా నెమ్మదిగా, ఒక్కొక్కటే వరసపెట్టి చెప్పాడు.

"మగ్గం మీద చెయ్యి పెట్టి చెప్పు రాధికా. నువ్వు టికెట్టు మార్చలేదని చెప్పు" అన్నాడు.

అక్క జరీ పొట్లాన్ని గూట్లో పెట్టింది. వంగి కొన్ని పట్టు ముక్కలు చేతిలోకి తీసుకుంది, చూసి వదిలేసింది. మగ్గం దగ్గరకు వచ్చి, వేలాడుతున్న చీర పక్కన చెయ్యి ఆనించింది. ఆ ముఖంలో ఏడుపు లేదు. ఆ ముఖం చూస్తే నాకు భయం వేసింది.

"మార్చినా. నేనే మార్చినా" అంది. "గెల్చిన టికెట్టు నా దగ్గరే ఉండాది."

అక్కా అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ మాట కడుపు మంటతో అన్నదని వీధిలో పోయే పరాయివాడికి కూడా తెలుస్తుంది. ఆమె ఆయన కళ్ళలోకే చూస్తోంది, ఆయన ఒక్కసారి, ఒక్కసారైనా, కాదులే నువ్వట్ల చేసేదానివి కాదు అంటాడేమోనని. నేనూ అదే ఎదురుచూశాను.

బావ ముఖంలో ముడులన్నీ విడిపోయాయి. ఇరవై ఏళ్ళలో ఆ ముఖం అంత నెమ్మదిగా ఉండటం నేను చూడలేదు. ఇంకో ప్రశ్న లేదు, ఒట్టు లేదు, తిప్పి చూసింది లేదు. నమ్మాడు. లేచి, పట్టు ముక్కల మీద నడిచి ఆమె దగ్గరకు వచ్చి, ఎంతో ప్రేమగా అడిగాడు.

"యాడ పెట్టినావు?"